మస్తాన్ బండి మైలేజీ

మా మేష్టారు గవర్రాజు గారిని ప్రశ్న అడిగినవాడికి నోటితో జవాబు దొరకదు, చేతికో పానా దొరుకుతుంది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో టైర్ల పని చూసి, రిటైరయ్యాక పాలకొల్లు కాలవ లాకుల దగ్గర రేకుల షెడ్డు వేసుకున్నారు. మా వైపు డ్రైవర్లలో సగంమంది ఆయన దగ్గర బండి నేర్చుకున్నవాళ్ళమే. ఆడదాన్నయినా నేనూ అంతే, ఇప్పుడు లారీ తోలుతున్నాను. ఆయన్ని ప్రశ్న అడిగి, చేతులు మసి చేసుకుని, జవాబు రాలేదని అలిగి వెళ్ళిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ గొడవ మనకెందుకు గానీ, కోటిలింగం సంగతి చెబుతాను.

కోటిలింగం, మస్తాన్ ఒకే ఏడు శిష్యులయ్యారు. ఒకే రకం డీజిలు కార్లు ఒకే వారంలో కొని అద్దెకు తిప్పుతున్నారు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, ఒకే గ్లాసు టీ పంచుకుంటారు. అయితే ఉగాదికి మస్తాన్ తన కారుకు తళతళలాడే అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేయించాడు. ఆ రోజు నుంచి కోటిలింగానికి టీ సయించలేదు. స్టాండులో జనం మస్తాన్ బండి చుట్టూ తిరిగి చూస్తుంటే వీడు తన అద్దాలు తుడిచిందే తుడుస్తూ కూర్చునేవాడు. చూసి చూసి వైశాఖంలో వీడూ వేయించాడు, మస్తాన్ వాటికన్నా వెడల్పువి, రెండంగుళాలు పెద్దవి. పాత ఇనుప చక్రాల్ని టైర్లతో సహా పాత సామాన్ల కొట్టుకు అమ్మేశాడు.

వేయించిన నెలకే బండి డీజిలు తాగడం మొదలెట్టింది. లీటరుకు ఇరవై రెండు కిలోమీటర్లు ఇచ్చే బండి పదిహేడుకు దిగింది. మరి నీ బండి ఎంతిస్తోంది బావా అని అడిగితే మస్తాన్, "ఇరవై రెండుకు తగ్గట్లేదు బావా" అన్నాడు. అంతే, కోటిలింగానికి కడుపులో నిప్పు పడింది. అవతలివాడికి సోకూ దక్కింది, మైలేజీ కూడా దక్కింది. తనకు సోకు మాత్రమే, అదీ ఆలస్యంగా.

ఇదంతా ఊరికే కుళ్ళుకోవడమైతే నేను చెప్పేదాన్ని కాదు. భీమవరం దారిలో ఒక రొయ్యపిల్లల హేచరీ ఉంది. దాని ఆసామి ఏడాదికి ఒక కారు మాట్లాడుకుంటాడు. డీజిలు ఆయనే పోయిస్తాడు కాబట్టి తక్కువ తాగే బండే కావాలంటాడు. అందర్నీ వడగట్టగా ఈ ఇద్దరూ మిగిలారు. తెల్లారితే పరీక్ష. రెండు బండ్లకూ ట్యాంకు నిండా పోసి కాకినాడ పోయి రావాలి, వచ్చాక మళ్ళీ నిండా పోసి చూస్తారు, ఏది తక్కువ పడితే దానికే ఏడాది పని. కోటిలింగం ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, బండి మీద వాయిదాలున్నాయి. మస్తాన్ పరిస్థితీ దానికేం తీసిపోదు. కానీ ఆ పూట కోటిలింగానికి అవతలివాడి ఇల్లు గుర్తుకొచ్చే స్థితి లేదు.

మధ్యాహ్నం నా లారీ స్టెప్నీ బిగించుకుంటుండగా వాడు షెడ్డులోకి వచ్చాడు. దండం కూడా పెట్టకుండా అడిగాడు.

"మేష్టారూ, నాకు చెప్పనిది మస్తాన్‌కి ఏం చెప్పారండి?"

మేష్టారు తలెత్తలేదు. ఏ విషయంలో అని అడిగారు.

"మైలేజీ విషయంలో. ఇద్దరివీ ఒకే కార్లు, ఇద్దరం వెడల్పు టైర్లే వేశాం. వాడికి ఇరవై రెండొస్తోంది, నాకు పదిహేడు. మీరు వాడికేదో కిటుకు చెప్పారు. వాడంటే మీకు మొదట్నుంచీ ముద్దేలెండి. అది చెబితే ఉంటాను, లేకపోతే ఇక ఈ షెడ్డు గడప తొక్కను."

గురువుని అలా అడగొచ్చా అని నాకే ఒళ్ళు మండింది. మేష్టారికి మండినట్టు లేదు. "పదిహేడు కాదులే, పద్దెనిమిది అనుకో" అన్నారు. "మీటరు చక్రం తిరిగిన చుట్లు లెక్కపెడుతుంది గానీ రోడ్డుని కొలవదు. నీది పెద్ద చక్రం, ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతోంది. మీటరుకు ఆ సంగతి తెలియదు." ఆ మాత్రం చెప్పడమే ఆయన లెక్కలో చాలా ఎక్కువ. ఆపైన మస్తాన్‌కి ఫోను చేసి రమ్మన్నారు. వాడు రాగానే కోటిలింగం చేతిలో వీల్ పానా పెట్టారు. "వాడి చక్రాలు విప్పి నీ బండికి బిగించు. నీవి వాడికి బిగించు."

మస్తాన్ మొహం పాలిపోయింది. "ఇప్పుడెందుకండి మేష్టారూ, రేపు పొద్దున్నే పరీక్ష కదండి" అని నసిగాడు. ఆ నసుగుడు చూసి కోటిలింగం కళ్ళు వెలిగాయి. కిటుకు చక్రాల్లోనే ఉందన్నమాట అనుకున్నాడు. మస్తాన్ ఇంకో మాట అనేలోపే జాకీ వేసి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు.

నట్ల కోసం పానా పెట్టబోతే చక్రం మీది తళతళ కాస్తా ఊడి చేతిలోకి వచ్చింది. అది అల్లాయ్ కాదు, వెండిరంగు వేసిన ప్లాస్టిక్ మూత. దాని వెనక మామూలు నల్ల ఇనుప చక్రం, దానికి బండితో వచ్చిన సన్న టైరు ఉన్నాయి. నెల రోజులుగా ఆ బండి పక్కనే తన బండి పెడుతున్నాడు, టైరు వెడల్పెంతో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. కుళ్ళుతో చూసేవాడికి మెరుపొక్కటే కనిపిస్తుంది కాబోలు. నట్లు విప్పి చక్రం ఒంటిచేత్తో ఇవతలికి లాగాడు. లోపలి వైపున పసుపు రంగుతో అమ్మాజీ అని రాసి ఉంది. మా వైపు ఆయుధపూజ నాడు చక్రాలకు పసుపు పెట్టేటప్పుడు కొందరు లోపలి వైపున ఇష్టమైనవాళ్ళ పేరు రాసుకుంటారు, దారి పొడుగునా తోడుంటారని. అమ్మాజీ కోటిలింగం తల్లి. ఆ రాత వాడిదే.

వాడు ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మస్తాన్ వాడి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అల్లాయ్‌లు వేశాక నాకూ పద్దెనిమిదే వచ్చింది బావా. నీకేమో ఇరవై రెండొచ్చేది. నువ్వా మాట స్టాండులో చెప్పుకుంటుంటే నాకు నిద్ర పట్టేది కాదు. నా పాతవి అల్లాయ్‌ల కొట్టువాడే బదులుకు పట్టుకుపోయాడు. నువ్వు నీవి అమ్మేశావని తెలిసిన మర్నాడే ఆ కొట్టుకు పోయి కొనుక్కొచ్చాను. అల్లాయ్‌లు తీసేశానని తెలిస్తే నలుగురూ నవ్వుతారని మూతలు పెట్టాను. నువ్వు నవ్వుతావనే ఎక్కువ భయం."

కౌగిలించుకున్నారని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. "నా చక్రాల మీద తిరుగుతూ నా పనే ఎగరేసుకుపోదామనుకున్నావు" అని కోటిలింగం పళ్ళు నూరాడు. మేష్టారు చెప్పినట్టే నాలుగూ విప్పి తన బండికి బిగించుకున్నాడు. డబ్బిచ్చి కొనుక్కున్నవాడు ఎదురుగా ఉన్నాడన్న స్పృహ కూడా లేదు. మస్తాన్ వద్దనలేదు. కోటిలింగం విప్పేసిన వెడల్పు చక్రాల్ని మస్తానే ఒక్కొక్కటీ రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, రొప్పుతూ, తన బండి దగ్గరికి మోసుకుపోయి తగిలించుకున్నాడు. అది చూస్తే చాలు, ఇంజను ఎందుకు ఎక్కువ తాగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మేష్టారు మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

కోటిలింగం బండి స్టార్ట్ చేసి రోడ్డెక్కాడు. లాకులు దాటాడో లేదో, అయిదు నిమిషాల్లో వెనక్కి తిప్పుకొచ్చాడు. దిగి, ఎవరి మొహమూ చూడకుండా, జాకీ అందుకున్నాడు.

"ఇవి నీవి బావా, కొనుక్కున్నావు. రేపు వీటితో గెలిస్తే మా అమ్మ పేరు మీద దొంగతనం చేసినట్టుంటుంది" అన్నాడు. మళ్ళీ నాలుగూ విప్పారు, మళ్ళీ ఎవరివి వారికి బిగించారు. ఈసారి నేనూ ఓ చెయ్యి వేశాను. మూతలు బిగించబోతే మస్తాన్ వద్దన్నాడు.

మర్నాడు ఇద్దరూ కాకినాడ పోయి వచ్చారు. మస్తాన్ బండికి రెండు లీటర్లు తక్కువ పట్టింది, హేచరీ పని వాడికే దక్కింది. కోటిలింగం అందరిముందూ వాడి చెయ్యి పట్టుకుని మంచిది బావా అన్నాడని విన్నాను. ఆ సాయంత్రమే షెడ్డుకు వచ్చి ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఈసారి దండం పెట్టాడు.

"మంట పోలేదండి మేష్టారూ" అన్నాడు. "చక్రాలైతే ఇచ్చేశాను. పని పోయిందన్న బాధ సరే, అది వాడికి పోయిందని ఇంకా మండుతోంది. నిన్న కాని మాట అన్నాను, మన్నించండి. కానీ నిజంగానే తెలుసుకోవాలనుంది. వాడికేం చెప్పారండి?"

మేష్టారు గాలి నింపుతున్న ట్యూబు మీంచి చూపు తిప్పలేదు.

"పోయిన నెల వాడూ ఆ స్టూలు మీదే కూర్చుని, నీకేం చెప్పానని అడిగాడు" అన్నారు. "వాడికీ చక్రాలు విప్పమనే చెప్పాను."