మూడు శ్రీల మంచం

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అప్పులవాళ్ళు ఇప్పటికీ బయల్దేరతారు గనక చెప్పను, గండభేరుండ భూపతి అనే రాజు ఉండేవాడు. ఆయనకు తన పట్టపుటేనుగుకు ఊయల కట్టించాలని బుద్ధి పుట్టింది. చూస్తే బొక్కసం ఖాళీ.

ఆ రాజ్యంలో ఎవరికి అప్పు పుట్టాలన్నా భద్రంభట్లుగారు పరీక్షించి, పేరుకు ముందు శ్రీలు తగిలించాలి. ఒక శ్రీ అంటే, అప్పు తిరిగొస్తే రావచ్చు. రెండంటే, వస్తుంది గానీ చెప్పులరిగేలా తిప్పుతుంది. మూడు శ్రీలంటే మాత్రం, ఇచ్చినవాడు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు.

రాజు భట్లుగారికి జరీ శాలువా కప్పాడు. వెంటనే చాటింపు పడింది: "రాజావారికి మూడు శ్రీలు వచ్చాయహో! రైతులంతా విత్తనపు వడ్లు కోటకు అప్పివ్వాలహో!"

ఆస్థాన హాస్యగాడు పేరయ్య ఈ చాటింపు విన్నాడు. వానలు దగ్గరపడ్డాయి. విత్తనాలు ఏనుగు ఊయలైపోతే జనం పొలాల్లో ఏం చల్లుకుంటారు? పోనీ ఎదురుచెబుదామంటే, భార్యకే చెప్పలేనివాడు రాజుకేం చెబుతాడు? తనంత పనికిమాలిన వస్తువు ఇంట్లో ఇంకేదైనా ఉందా అని వెతికితే, కాలు విరిగిన మంచం కనబడింది.

మర్నాడు దాన్ని సభకు మోయించుకొచ్చాడు. తలవైపు పసుపుతో మూడు శ్రీలు, పక్కనే భట్లుగారి ముద్ర.

"ఏమిట్రా ఇది?"

"శ్రీశ్రీశ్రీ మంచంగారు, ప్రభూ! తమరు గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

రాజు కూర్చోబోయి ఆగాడు. "నాలుగో కాలేదిరా?"

"మూడు శ్రీలుండగా కాలెందుకు ప్రభూ?"

"భట్లుగారూ! ఈ ముద్ర మీదేనా?"

"నాదే... ప్రభూ."

"అయితే ముందు మీరు పడుకోండి."

భట్లుగారు రెండడుగులు వెనక్కేశారు. "నాకు పగటినిద్ర అలవాటు లేదు ప్రభూ." ఆ సభలో ఆయన గురక వినని స్తంభం లేదు.

"చూడకుండా శ్రీలెలా ఇచ్చారయ్యా?"

"పాపం, చూశారు ప్రభూ," అన్నాడు పేరయ్య. "మంచాన్ని కాదు, నేను పట్టుకెళ్ళిన నేతిజాడీని."

"మరి మాకిచ్చిన శ్రీలో?"

పేరయ్య తన మెడ ఒకసారి తడుముకుని, భట్లుగారి భుజం వైపు చూశాడు.

"శాలువా భలే నప్పింది ప్రభూ!"

రాజు శాలువాను చూశాడు, మంచాన్ని చూశాడు. కిరీటం జారిపడేలా నవ్వాడు. "ఏనుగు నడిస్తే చాల్లే! ఎవరి వడ్లు వాళ్ళనే ఉంచుకోమనండి. పేరయ్యా, నీకు నిజంగానే మూడు శ్రీలిస్తాం!"

"వద్దు ప్రభూ. మా వీధిలో నా పేరుకు ముందు 'ఒరేయ్' ఒక్కటే ఉంది. అది విని ఎవడూ అప్పివ్వడు, తీర్చే బాధా లేదు. అంతగా ఇవ్వాలనుకుంటే, మంచానికి నాలుగో కాలు ఇప్పించండి."

"అంత చిన్న కోరికా?"

"చిన్నదేం కాదు ప్రభూ. రాత్రిళ్ళు మా ఆవిడ పడుకుంటే, ఇన్నాళ్ళూ ఆ నాలుగో కాలు నేనే!"

రాజు గంధపుచెక్కతో కాలు చేయించి, భట్లుగారికి వేసిన జరిమానాలోంచి ఒక సంచి నిండా వరహాలూ ఇచ్చాడు. ఆ రాత్రి పేరయ్య, పెళ్ళైన ఇన్నేళ్ళకు, గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయాడు.