సంచిలోకి ఏ కంప్యూటర్?

బ్రదర్ శౌరికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. వానలు మొదలయ్యేలోగా మఠం ఆసుపత్రి నుంచి కొండమీది ఊళ్లకు ఒక వైద్యపు సంచి వెళ్లాలి. గుండె గీతలు తీసేది, రక్తపోటు చూసేది, రక్తంలో ఆక్సిజన్ కొలిచేది, అన్నీ అందులో ఒకే కంప్యూటర్ మీద నడవాలి. నర్సు దాన్ని వీపున వేసుకుని ఎక్కుతుంది. వాగులు పొంగాక అక్కడివాళ్లకు ఆ సంచే దిక్కు.

ఆ కంప్యూటర్ ఏదో తేల్చే పనిని శౌరికి మఠం పెద్ద, డాక్టరు కూడా అయిన ఫాదర్ ఇన్నాసి అప్పజెప్పారు. శౌరి మఠంలో చేరకముందు ఇంజనీరు. మొదట్లో కాస్త పొంగిపోయాడు కూడా. ఇప్పుడు గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది.

వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి కొత్తది, పల్చగా తళతళలాడుతూ వేలు తగిలితే చాలు పరుగెత్తుతుంది. రెండోది మొద్దు డబ్బా. ఈ కొలతలు తప్ప ఇంకేమీ చేతకాదు. శౌరి మనసు కొత్తదాని మీదే ఉంది. కానీ తన ఎంపిక తప్పైతే కొండమీద ఒక ప్రాణం పోతుంది. ప్రార్థనలో మోకరించినా అదే ఆలోచన. ఆ భయాన్ని మాత్రం ఎవరికీ కనబడనివ్వలేదు.

చివరికి ఫాదర్ దగ్గరికి వెళ్లి, కొత్తదే మంచిదని గట్టిగా చెప్పాడు. ఒక్కొక్క పరికరాన్నీ తనకే తగిలించుకుని చూశాననీ, అది ఒక్కసారి కూడా తడబడలేదనీ అన్నాడు.

"ఒక్కొక్కటేనా?" అన్నారు ఫాదర్.

రెండో చెయ్యి కంప్యూటర్ నడపడానికి కావాలి కదా అన్నాడు శౌరి.

ఫాదర్ అంగీ విప్పి మంచం మీద పడుకుని, అన్నీ ఒకేసారి తనకు తగిలించమన్నారు. శౌరి తీగలన్నీ కలిపి తెర ముందు కూర్చున్నాడు.

"ఎలా ఉన్నాను?"

"బాగున్నారు ఫాదర్. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. నాడి డెబ్భై రెండు."

శౌరికి ప్రాణం లేచివచ్చింది. కంప్యూటర్ గొప్పలు ఏకరువు పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి అవతలనుంచి ఊఁ అనే మాటైనా రావడం లేదని తోచి వెనక్కి తిరిగాడు.

ఫాదర్ కళ్లు మూసుకుని ఉన్నారు. చెయ్యి మంచం పక్కన వేలాడుతోంది. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు నేలమీద పడి ఉంది.

శౌరి తెర వైపు చూశాడు. తొంభై ఎనిమిది. ఫాదర్ వైపు చూశాడు. కదలిక లేదు. మళ్లీ తెర. డెబ్భై రెండు. దేన్ని నమ్మాలో తెలియక ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు. ఆ క్షణానికి తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. ఒక్క ఉదుటున వెళ్లి ఆయన భుజాలు పట్టి కుదిపాడు.

ఫాదర్ కళ్లు తెరిచారు.

"ఇప్పుడు ఎలా ఉన్నానంటోంది?"

శౌరి తెర దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. అన్ని పరికరాలూ ఒక్కసారిగా మీద పడేసరికి ఆ కంప్యూటర్ ఎప్పుడో బిగుసుకుపోయింది. చివరిసారి చూసిన మంచి అంకెలనే పట్టుకు కూర్చుంది. తెరమీద గుండె గీత కదలడం ఎప్పుడు ఆగిందో అతను చూడనేలేదు. అంకెలు బాగుంటే గీతను ఎవరు చూస్తారు!

తీగలు మొద్దు డబ్బాకు మార్చమన్నారు ఫాదర్. కాసేపు నడిచి, అదీ బరువు తట్టుకోలేకపోయింది. కీచుమని అరిచి, అంకెలన్నీ చెరిపేసి, తెర నల్లగా చేసేసింది. బయట వరండాలో రోగులు తొంగిచూశారు.

శౌరి తల పట్టుకుని మంచం అంచున కూలబడ్డాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదీ ఆగిపోయింది ఫాదర్. ఏది పంపాలో నాకు తెలియడం లేదు."

ఫాదర్ అతని వీపు నిమిరారు.

"తెలియడం లేదన్న ఆ మాట చెప్పగలిగినదాన్ని పంపు నాయనా."