గుప్పెట కింద చెయ్యి

ఆ రోజుల్లో జిలానీకి ఒక మాట వింటే ఒళ్ళు మండేది. ఆ మాట "వద్దు".

గ్రానైట్ క్వారీల నడుమ, రాతిదుమ్ము పడి తెల్లబడిన తుమ్మచెట్లు దాటితే ఒక గుట్ట, గుట్ట మీద ఒక దర్గా. అక్కడి పెద్దాయన ఖాసిం పీరా సాహెబు. జిలానీ ఆయన శిష్యుడు. గుంటూరులో కంప్యూటర్లు చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మనసు నిలవక గుట్టెక్కినవాడు. ఎక్కాక నిలిచిందా అంటే చెప్పలేం గాని, పనిదొంగ మాత్రం కాదు. ఊడ్చేవాడు, నీళ్ళు మోసేవాడు, సాంబ్రాణి వేసేవాడు.

ఆ దర్గాలో ఒక ఆచారం ఉంది. కోరిక ఉన్నవాళ్ళు దాన్ని ఎవరికీ చెప్పరు. ఇంటి దగ్గరే అరచేతిలోకి గుసగుసగా చెప్పుకుని, గుప్పెట మూసుకుని బయల్దేరతారు. ఆటోలో వచ్చినా, రాళ్ళ లారీలో వచ్చినా దారిలో ఆ చెయ్యి తెరవరు. టిక్కెట్టు డబ్బులు కూడా రెండో చేత్తోనే తీస్తారు. మెట్లెక్కి పెద్దాయన ముందు కూర్చుంటారు. ఆయన తన అరచెయ్యి ఆ గుప్పెట కింద పట్టి అడుగుతారు.

"ఇస్తావా తల్లీ?"

తెరిస్తే కోరిక ఆయన చేతిలో పడ్డట్టు. దాన్ని అలాగే తీసుకెళ్ళి సమాధి దగ్గర విడిచి వస్తారు. కొందరు తెరవరు. కాసేపు కూర్చుని, మూసిన గుప్పెట మూసినట్టే పట్టుకుని దిగిపోతారు. ఆయన ఏమీ అనరు. వారం వారం వచ్చే మనిషిని కూడా ఆ రోజే కొత్తగా చూసినట్టు అడుగుతారు. అందుకే గురువారం నాడు వరస ఓ పట్టాన కదిలేది కాదు. వెనక నిలబడి ఆ నిదానం చూస్తూ జిలానీ కాళ్ళు మార్చుకునేవాడు.

గుట్ట ఎక్కలేనివాళ్ళ కోసం జిలానీ ఒక ఏర్పాటు చేశాడు. ఫోన్లో దర్గా పేజీ తెరిచి విన్నపం పంపుకోవచ్చు. పొద్దు వాలాక, ఫాతిహా ప్రార్థన అయ్యాక, వాటిని అతను గడప దగ్గర నిలబడి పేర్లతో సహా పైకి చదివేవాడు. అక్కడున్నవాళ్ళు ఆమీన్ అనేవారు. నలుగురి నోట ఆ మాట పడితే బలమని, మంచాన పడ్డవాళ్ళు ఎంతో సంతోషించారు. పెద్దాయన కూడా సంతోషించారు.

చిక్కు ఒక్కచోట వచ్చింది. ముసలివాళ్ళు తమ విన్నపాన్ని మనవడి చేతనో మనవరాలి చేతనో వాట్సాప్‌లో రాయించుకునేవారు. దాన్ని కాపీ చేసి ఈ పేజీలో అతికించాలి. తెర మీద వేలు నొక్కిపట్టడం వణికే చేతులకు కుదిరేది కాదు. జిలానీ దానికి ఒక బటన్ పెట్టాడు. నొక్కితే చాలు, కాపీ చేసుకున్నది వచ్చి పడుతుంది. కానీ అది నొక్కగానే ఫోను అడ్డం తగిలేది. "మీరు కాపీ చేసుకున్నది ఈ పేజీ చూడాలనుకుంటోంది. అనుమతిస్తారా, వద్దా?"

జనం భయపడిపోయి "వద్దు" నొక్కేవారు.

ఒక ఉదయం జిలానీ పెద్దాయన దగ్గర మొరపెట్టుకున్నాడు.

"కాపీ చేసింది ఎక్కడుంటుంది నాయనా?" అని అడిగారాయన.

"ఫోన్లోనే హజ్రత్. పైకి కనపడదు. ఇంకోచోట అతికించేదాకా లోపల పట్టుకుని ఉంటుంది."

"గుప్పెట్లో ఉన్నట్టు."

"అంతే హజ్రత్! సరిగ్గా అంతే."

"మరి అడిగేది ఎవరు?"

"ఫోనే. నేను అడగమనలేదు. దాని అలవాటు అది."

"మంచి అలవాటే," అని పెద్దాయన చెంబు తీసుకుని, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి లేచారు.

జిలానీ నవ్వుకున్నాడు. పెద్దాయనకు ఇవన్నీ ఎలా తెలుస్తాయిలే అనుకున్నాడు. ఆ గురువారం చెప్పులు విడిచే చోట తనే కూర్చున్నాడు. "ఫోను ఇలా ఇవ్వు మామ్మా, సరిచేసి ఇస్తా," అంటూ ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని, దర్గా పేజీ తెరిచి, వాళ్ళ పేరు రాసిపెట్టి, ఆ ప్రశ్న రాగానే "అనుమతించు" అని వాళ్ళ తరఫున తనే నొక్కేశాడు. ఒకసారి అలా నొక్కితే ఆ పేజీకి ఫోను మళ్ళీ అడ్డం చెప్పదు. ఇంకో అడుగు ముందుకు వేసి బటన్ కూడా తీసేశాడు. పేజీ తెరిస్తే చాలు, కాపీలో ఉన్నది దానంతటదే వచ్చి చేరేలా చేశాడు. అందులో అతనికి దురుద్దేశం ఏమీ లేదు పాపం. అవ్వల వేళ్ళ మీద జాలి, తన తెలివి మీద మురిపెం, అంతే.

విన్నపాలు వెల్లువెత్తాయి.

"చూశారా హజ్రత్, ఎన్ని వచ్చాయో!"

"ఇచ్చారా?"

"వచ్చాయి హజ్రత్."

పెద్దాయన అతని మొహంలోకి కాసేపు చూసి, జపమాల తిప్పుకోవడంలో పడ్డారు.

క్వారీ రోడ్డు మీద దోసెల బండి నడిపే శేషారత్నం అనే ఆవిడ ఉండేది. మనిషి గట్టిది. లారీ డ్రైవర్లు సైతం ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవారు. తమ్ముడి కాలు రాయి కింద పడి నలిగినప్పటి నుంచి దర్గాకు వస్తోంది. జిలానీ చెప్పుల దగ్గర సరిచేసి ఇచ్చిన ఫోన్లలో ఆమెదీ ఒకటి. ఒక సాయంత్రం, ఫాతిహా ఎన్నింటికో చూసుకుందామని మెట్ల కింద నిలబడి ఫోన్లో దర్గా పేజీ తెరిచింది. చూసుకుంది. ఇంకా వేళ ఉందని నిదానంగా మెట్లెక్కి, అందరితో పాటు గడప ముందు కూర్చుంది.

జిలానీ విన్నపాలు చదువుతున్నాడు. ఒకరి కూతురి కాన్పు. ఒకరి ఆపరేషను. ఆ తర్వాత "శేషారత్నం" అని పేరు చదివాడు. ఆమె తలెత్తింది. తను ఏమీ పంపలేదే అన్నట్టు చూసింది. అతను కింది వరస చదివాడు.

అది దర్గాకు రాసింది కాదు. ఆమె ఎవరికో పంపాలని రాసుకుని, పంపడానికి ధైర్యం చాలక, కాపీ చేసి ఫోన్లో అట్టే పెట్టుకున్నది. ఒక్క వాక్యం పైకి వచ్చేసరికే జిలానీ చదవడం ఆపేశాడు. ఆ ఒక్కటీ అందరూ విన్నారు.

ఆమీన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. శేషారత్నం చీరకొంగు తల మీదికి లాక్కుని లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. బండి దగ్గర దోసెలు పోస్తున్నా ఎవరితోనూ మాట్లాడటం లేదని డ్రైవర్లు చెప్పుకున్నారు. జిలానీకి అన్నం సయించలేదు. ఆమె విడిచివెళ్ళిన చెప్పుల్ని తుడిచి ఒక పక్కన పెట్టాడు. పెట్టినచోటు చూడలేక ఇంకో పక్కకి మార్చాడు.

"నేను పోతాను హజ్రత్. ఇంట్లోకి పోయి కాళ్ళు పట్టుకుంటాను. అలా కాదమ్మా, ఇలా జరిగిందీ అని మొత్తం విడమరిచి చెబుతాను."

"పద, నేనూ వస్తా," అన్నారు పెద్దాయన. "చెప్పులు తీసుకో."

మిట్టమధ్యాహ్నం. శేషారత్నం ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల మంచం, గోడకి ఆనించిన పెనం, పిండి రుబ్బుతూ అటు తిరిగి కూర్చున్న ఆమె వీపు, అన్నీ వీధిలోకి కనపడుతున్నాయి. జిలానీ అడుగు ముందుకు వేశాడు. పెద్దాయన మాత్రం ఎండలోనే ఆగిపోయారు. అది చూసి అతనూ ఆగాడు.

"శేషారత్నం! దర్గా నుంచి వచ్చాం తల్లీ. లోపలికి రావచ్చా?"

గ్రైండరు ఆగింది. ఆమె తిరిగి చూడలేదు.

"ఇప్పుడు వద్దు బాబా."

"సరే తల్లీ."

చెప్పుల్ని గడప పక్కన పెట్టించి పెద్దాయన వెనుతిరిగారు. వచ్చేటప్పటికంటే చురుగ్గా నడుస్తున్నారు. జిలానీకి ఏడుపొక్కటే తక్కువ.

"తలుపు తీసే ఉంది కదా హజ్రత్. ఒక్క అడుగు వేసుంటే పోయేది. ఎండలో ఇంతదూరం ఊరికే వచ్చినట్టయింది."

"ఊరికే ఎందుకవుతుంది?" అన్నారు పెద్దాయన. "ఆమె వద్దంది. మనం విన్నాం."

ఆ మాట జిలానీకి మింగుడుపడలేదు. గుట్ట ఎక్కినంతసేపూ అదే నమిలాడు.

మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ అదే గడప, అదే ప్రశ్న, అదే జవాబు. "సరే తల్లీ" అని మళ్ళీ తిరిగొచ్చారు. ఈసారి తిరుగుదారిలో జిలానీ ఏమీ అడగలేదు.

ఆ తర్వాత వెళ్ళినప్పుడు, గడప ముందు పెద్దాయన పక్కకి జరిగారు. జిలానీ నోరు పెగుల్చుకున్నాడు.

"అమ్మా, నేను జిలానీని. రావచ్చా?"

చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. లోపలికి రమ్మనలేదు. నులకమంచం తెచ్చి వేపచెట్టు నీడలో వాల్చింది. పెద్దాయన కూర్చున్నారు. అతను నిలబడే ఉన్నాడు.

"ఎంతదాకా చదివావు?" అని అడిగింది.

"ఒక్క వరసే అమ్మా. చదివి ఆపేశాను."

"పైకి చదివింది నేనూ విన్నాను. నేనడిగేది అది కాదు."

జిలానీ తల దించుకున్నాడు. "కళ్ళతో మొత్తం చదివేశానమ్మా."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "మీక్కూడా చెప్పలేదా?"

"నేను అడగలేదు తల్లీ."

"మరిచిపోతావా?" అంది జిలానీతో.

అవునందామని నోటిదాకా వచ్చింది. "మరిచిపోలేనమ్మా. తప్పు నాది. మీరు ఇవ్వకుండానే తీసుకున్నాను. నా దగ్గరే ఉంటుంది. ఇంకెక్కడికీ పోనివ్వను."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో, దుఃఖమో, రెండూనో. లోపలికి వెళ్ళి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది. తాగి, గ్లాసులు ఇచ్చి, వచ్చేశారు.

జిలానీ ఆ సాయంత్రమే పేజీ ముందు కూర్చున్నాడు. వాటంతటవే వచ్చి చేరినవాటిని తెరిచి చూడకుండా తుడిచేశాడు. తీసేసిన బటన్ మళ్ళీ పెట్టాడు. నొక్కిన ప్రతిసారీ ఆ పేజీ కూడా తనంతట తాను అడిగేలా చేశాడు. మీరు కాపీ చేసుకున్నది చూడవచ్చా? అవును, వద్దు. రెండక్షరాల ఆ "వద్దు"ని "అవును" అంత పెద్దగా రాశాడు. కాపీ గొడవ అక్కర్లేకుండా రాసుకునేవాళ్ళకీ, నోటితో చెప్పుకునేవాళ్ళకీ వేరే దారి పెట్టాడు. చెప్పుల దగ్గర ఎవరైనా ఫోను చేతికివ్వబోతే చేతులు వెనక్కి కట్టుకుని, "ఎలాగో చెబుతాను, మీరే నొక్కండి మామ్మా," అనేవాడు. విన్నపాలు బాగా తగ్గిపోయాయి. అతను లెక్క చూడటం మానేశాడు.

ఒక గురువారం పెద్దాయనకు జ్వరం తగిలింది. గోడకి ఆనుకుని శాలువా కప్పుకున్నారు.

"ఇవాళ నువ్వు కూర్చో," అన్నారు.

"నేనా హజ్రత్?"

"చెయ్యి ఉంది కదా."

జిలానీ కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అడిగాడు, ఇచ్చారు. తీసుకెళ్ళి సమాధి దగ్గర విడిచి వచ్చాడు. తిరిగొచ్చి తల ఎత్తేసరికి ఎదురుగా శేషారత్నం కూర్చుని ఉంది. కుడిచెయ్యి గట్టిగా మూసుకుని ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడేటంత.

అతను అరచెయ్యి ఆమె గుప్పెట కింద పట్టాడు. తాకలేదు.

"ఇస్తారా అమ్మా?"

ఆమె అతని చేతిని చూసింది, మొహాన్ని చూసింది. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఎవరో "ఇంకా ఎంతసేపు?" అని గొణిగారు. జిలానీ చెయ్యి నొప్పి పుట్టింది. దించలేదు, పైకీ ఎత్తలేదు.

"ఇవాళ వద్దు బాబూ," అంది ఆమె.

"సరే అమ్మా."

ఆమె లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వచ్చే వారం వస్తాను," అని, గుప్పెట గుండెకు ఆనించుకుని మెట్లు దిగింది. ఈసారి చెప్పులు వేసుకుంది.

జిలానీ కళ్ళు తుడుచుకున్నాడు. గోడ దగ్గర నుంచి నీరసంగా పెద్దాయన గొంతు వినపడింది.

"చేతిలో ఏమన్నా ఉందా నాయనా?"

జిలానీ చూసుకున్నాడు.

"ఖాళీగా ఉంది హజ్రత్."

"అలాగే పట్టుకో. ఇంకా జనం ఉన్నారు."