గోంగూర మర్చిపోయిన ఇల్లు

తమ ఇంట్లో తెలివి పొంగి వాకిట్లోకి పారుతోందని, పక్కింటివాళ్ళు నాలుగు చెంబులు ముంచుకుపోయినా తరగదని పానకాలు కుటుంబానికి గట్టి నమ్మకం. ఉండేది ముగ్గురే. పానకాలు, వాడి చెల్లెలు తాయారు, వాళ్ళ బాబాయి నరసయ్య. ముగ్గురిలోనూ తాయారు మరీ తెలివిగలది. ఫోన్లో వీడియోలు చూసి కంప్యూటర్లు తనంతట తనే నేర్చేసుకుంది. వీడియో చివర గంట కొట్టమన్నప్పుడల్లా లేచెళ్ళి దేవుడి గంట కూడా కొట్టొచ్చింది.

ఊళ్ళో సినిమా హాలు ఓనరు బసవపున్నయ్య గారికి టికెట్ల కంప్యూటర్ చూసుకునే మనిషి కావాల్సొచ్చింది. పాత మనిషి దావీదు గారు మానేస్తున్నాడు.

"శుక్రవారం కొత్త సినిమా. సీట్లన్నీ ముందే బుక్ అయిపోయాయి. ఆ పేర్లన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆ రోజు టికెట్లు సాఫీగా వస్తే ఉద్యోగం నీదే అమ్మాయ్. రాకపోతే జనం నా హాలు పీకి పందిరేస్తారు," అన్నాడు ఓనరు.

తాయారుకి ఆ ఉద్యోగం మీదే ప్రాణం. గాజుతలుపుల గది, తిరిగే కుర్చీ, మెడలో తాడుకి వేలాడే కార్డు! ఊరంతా మేడమ్ అని పిలవదూ?

దావీదు గారు కూర్చోబెట్టి పని చెప్పాడు. తోడుగా అన్న, బాబాయి కూడా వచ్చి కూర్చున్నారు.

"చూడమ్మా, పేర్లన్నిటికీ నకలు తీసి ఈ చిన్న డబ్బాలో పెట్టాను. దీన్ని ఎవరికీ తెలియని చోట దాచు. ఇప్పుడున్న పాస్‌వర్డు గోంగూర. అది మార్చేసి, పాతది మర్చిపో. అసలుది పోయినా నకలుతో పని నడుస్తుందో లేదో ముందే చూసుకో," అని ఒంగోలు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

"ఎవరికీ తెలియని చోటంటే ఎలాగే? నేను దాస్తే నాకు తెలిసిపోద్ది," అన్నాడు పానకాలు.

"నేను దాస్తే నాకు," అంది తాయారు.

బాబాయి మీసం దువ్వి, "నా కళ్ళకి గంతలు కట్టండి. నేను దాస్తా. నాకూ తెలీదు," అన్నాడు.

ఏం బుర్ర! అంతే. తువ్వాలు కట్టి, గిరగిరా తిప్పి హాల్లో వదిలారు. అన్నాచెల్లెళ్ళు గోడవైపు తిరిగి నిలబడ్డారు. బాబాయి గోడలు గుద్దుకుంటూ, డ్రమ్ముల మీద పడుతూ లేస్తూ, ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు.

"ఎక్కడ పెట్టావ్ బాబాయ్?"

"నాకేం తెలుసు!"

"శభాష్!"

తాయారు కొత్త పాస్‌వర్డు పెట్టేసింది. పాతది మర్చిపోవడం దగ్గరే చిక్కొచ్చింది.

"మర్చిపోయావా అన్నయ్యా?"

"ఎప్పుడో మర్చిపోయా."

"ఏది?"

"గోంగూర."

"చచ్చాం!"

ఇంకేముంది! ఇంట్లో గోంగూర పచ్చడి జాడీ పొరుగింటికి వెళ్ళిపోయింది. కూరలమ్మి కనబడితే చాలు, బాబాయి చెవులు మూసుకుని సందు మారేవాడు. నోరుజారి పేరు పైకి అన్నవాళ్ళు లెంపలేసుకునేవారు. అలా అలా గురువారానికి మగవాళ్ళిద్దరూ నిజంగానే మర్చిపోయారు. "అదేనే, పుల్లగా ఉంటుంది, ఎర్ర కాడ... పేరు రావట్లేదే!" అని పానకాలు గంతులేశాడు.

తాయారు మాత్రం మర్చిపోలేకపోయింది. రోజూ పొరుగింటికెళ్ళి, ఆ జాడీలోదే వేడన్నంలో కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తినొస్తోంది మరి. ఈపాటి పాఠం రానిదానికి మెడలో కార్డెందుకని లోలోపలే కుమిలిపోయింది.

శుక్రవారం వచ్చింది. గేటు దగ్గర జనం.

"నకలు సంగతి చూడనే లేదే! అసలుది ఉండగా నకలుతో నడుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు పానకాలు.

"నిజమే. ముందు అసలుది పోవాలిగా," అంది తాయారు. అంతే. పేర్లన్నీ చెరిపేసింది.

"పోయింది! ఇక నకలు తెండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట ఈలలు. ఓనరు తలుపు బాదుతున్నాడు. "అమ్మాయ్! టికెట్లు!"

"దారిలో ఉన్నాయండీ!" అని అరిచి, తాయారు బుర్ర గోక్కుంది. "బాబాయ్, కళ్ళు తెరిచుంటే నీకు తెలీదు. గంతలు కడితే తెలుస్తుందేమో!"

కట్టారు, తిప్పారు, వదిలారు. అదే గోడ గుద్దుకున్నాడు. అదే డ్రమ్ము మీద పడ్డాడు. పాప్‌కార్న్ కోసం పోసిన మొక్కజొన్నల్లో చెయ్యి దిగి, డబ్బా పైకొచ్చింది!

తాయారు నకలంతా లోపలికి ఎక్కించింది. కంప్యూటర్ పాస్‌వర్డు అడిగింది. కొత్తది కొడితే ఒప్పుకోలేదు. నకలు తీసిననాటి పాతదే కావాలంది.

"అది మర్చిపోయాంగా!" అన్నాడు పానకాలు గర్వంగా.

"శుభ్రంగా!" అన్నాడు బాబాయి.

తాయారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిట్టకు అన్నయ్యా. నేను మర్చిపోలేదు. రోజూ పొరుగింట్లో తింటున్నా."

"ఇంటి పరువు తీశావు కదే!" అని బాబాయి నెత్తి కొట్టుకున్నాడు.

ఆమె ముక్కు చీదుకుంటూ గోంగూర అని కొట్టింది. అంతే! టకటకా టికెట్లు రాలాయి. జనం లోపలికి పోయారు. ఓనరు తనే తాయారు మెడలో కార్డు వేశాడు. "భలే చేశావమ్మా! ఈ వారం ఎలా చేశావో ప్రతి వారం అచ్చం అలాగే చెయ్యాలి సుమా!"

"అలాగేనండీ!"

ఇంకేముంది! తాయారు మళ్ళీ నకలు తీసింది. మొక్కజొన్నల డ్రమ్ము సంగతి అందరికీ తెలిసిపోయింది కాబట్టి, ఈసారి బాబాయిని బస్టాండులో తిప్పి వదిలారు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. శుక్రవారం గేటు దగ్గర జనం చేరగానే తాయారు మెడలో కార్డు సర్దుకుని, పేర్లన్నీ చెరిపేసి, బాబాయిని బస్టాండుకి తీసుకెళ్ళి తువ్వాలు కట్టింది. బాబాయి చేతులు చాచుకుంటూ పోయి, కదులుతున్న బస్సెక్కేశాడు.

"కంగారుపడకండి," అన్నాడు పానకాలు హాలు గేటు దగ్గర జనంతో. "మా బాబాయి మీ టికెట్లకే వెళ్ళాడు. కళ్ళకి గంతలున్నాయి కాబట్టి దారి తప్పడు."