పండుగప్ప పందెం

దసరా వెళ్లి వానలు తెరిపిచ్చాయంటే చాలు, ముత్యాలకోట రాజు నీలకంఠ భూపతికి మనసంతా పండుగప్ప చేప మీదే. ఏటినీళ్లలో బురద తేరుకునే రోజులవి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రొయ్యలు దిగుతాయి. రొయ్యల కోసం పండుగప్పలు కాచుకుని ఉంటాయి. పండుగప్పల కోసం రాజుగారు కాచుకుని ఉంటారు.

ఆ ఏడు ఆయనకో సరదా పుట్టింది.

"వలలు వద్దు. గాలంతోనే పట్టాలి. మా కొలువులో ఎవరు పెద్ద పండుగప్పను పడితే వాళ్లు ఏం కోరితే అది ఇస్తాం" అన్నారు.

సేనాధిపతి వీరకేసరి లేచి మీసం మెలేశాడు. కొండకోటల్లో పుట్టి పెరిగిన మనిషి. సముద్రాన్ని మేడ మీంచి చూడటమే తప్ప అందులో కాలు తడిపి ఎరగడు. అయినా లోకంలో తనకు రాని విద్య ఒకటుందంటే ఒప్పుకోడు.

"నేను గెలిస్తే ఆ మొగ నాకు రాసివ్వాలి ప్రభూ! కంచె కట్టించి నా మనుషులచేతే వేటాడిస్తాను."

కొలువులో అందరినీ నవ్వించే నూకయ్యకు ఆ మాటతో గుండెల్లో రాయి పడింది. మొగ మూసేస్తే అక్కడి పల్లెవాళ్ల పడవలు సముద్రంలోకి వెళ్లేదెట్లా? అది అతను పుట్టిన పల్లె.

"అయితే నేనూ దిగుతాను మహారాజా" అన్నాడు.

పందెం నాడు పొద్దున్నే ఎర కోసం పల్లెకు వెళితే, మేనత్త పోలమ్మ ఖాళీ బుట్ట బోర్లించి చూపించింది.

"ఏటి సెప్పమంటావురా నూకా! సేనాపతి బంట్రోతులొచ్చి రొయ్యలన్నీ బుట్టలకెత్తుకుపోనారు. బతికున్న రొయ్య నేకపోతే ఈ రోజుల్లో పండుగప్ప ఇటేపు సూస్తాదేటి? మన మొగ పోనాదిరా!"

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటుంటే నూకయ్యకు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.

"ఎన్ని బుట్టలే అత్తా?"

"పది కాడికి ఉంటాయి."

"అంత మేత మనం మోయగలమా? పాపం, వాళ్లే మోసుకొస్తున్నారు. పద!"

అత్తా మేనల్లుడూ మొగ దగ్గరికి చేరేసరికి సముద్రపు పోటు నిండింది. మొగలో నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఏటి వైపు ఎత్తుగా ఓ బండ, సముద్రం వైపు దిగువన ఓ ఇసుక తిన్నె. రాజుగారు గొడుగు కింద కూర్చున్నారు. నూకయ్య గబగబా వెళ్లి బండెక్కాడు.

"దిగు!" అని అరిచాడు వీరకేసరి. "సేనాధిపతి కింద నిలబడితే, నవ్వించేవాడు పైన కూర్చుంటాడా?"

"దొరా, ఈ ఒక్క బండా నాకు వదిలేయండి. మీకు పుణ్యముంటుంది!"

నూకయ్య బతిమాలినకొద్దీ వీరకేసరి బిగుసుకుపోయాడు. చివరికి నూకయ్య మొహం వేలాడేసుకుని దిగి, బండ అతనికి వదిలి, ఇసుక తిన్నె మీద ఉత్త గాలంతో నిలబడ్డాడు.

కాసేపటికి నీళ్ల మీది నురగ మెల్లగా సముద్రం వైపు కదిలింది. పోటు తీసి, నీళ్లు సముద్రంలోకి వెనుదిరిగే పాటు మొదలైంది. అతను ఎదురుచూస్తున్నది దానికోసమే.

"బతికాం అత్తా!" అని గొంతెత్తాడు. "దొరగారు ఒక్కో రొయ్యే గుచ్చుతున్నారు. బుట్టలన్నీ ఒక్కసారే గుమ్మరిస్తేనా, సముద్రంలో చేపలన్నీ ఆయన కాళ్ల దగ్గరికే వచ్చిపడవూ!"

పోలమ్మ ఇట్టే అందుకుంది. "ఉష్, మెల్లగా! ఆరికి ఇనబడిపోద్దిరా!"

వినబడనే వినబడింది.

"గుమ్మరించండి!" అన్నాడు వీరకేసరి.

పది బుట్టలూ నీళ్లలో బోర్లాపడ్డాయి. పాటు వాటన్నిటినీ ఈడ్చుకుంటూ దిగువకు పట్టుకుపోయింది. బండ కింద ఒక్క రొయ్య మిగల్లేదు, వీరకేసరి గాలానికి ఒక్క చేపా పడలేదు. తిన్నె ముందు నీళ్లు మాత్రం ఎసరులా మరిగిపోతున్నాయి, పండుగప్పలు అలా ఎగబడుతున్నాయి. నూకయ్య ఉత్తరీయంతో ఓ రొయ్యను దేవి, తోక దగ్గర గాలానికి గుచ్చి వదిలాడు. పడీపడగానే తాడు బిగిసింది. చేప లాగినప్పుడు వదులుతూ, అలిసినప్పుడు లాగుతూ, చంటిపిల్లాడంత పండుగప్పను తెచ్చి రాజుగారి ముందు పడేశాడు.

"అన్యాయం ప్రభూ!" వీరకేసరి బండ మీంచి దూకి వచ్చాడు. "వీడి దగ్గర ఎరే లేదు. అవన్నీ నా రొయ్యలు!"

"ఏమంటావు నూకయ్యా?"

"నిజమే మహారాజా. వడ్డించింది వారే. నేను పంక్తిలో కింద కూర్చున్నాను, అంతే."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చేతి కడియం తీసి నూకయ్యకు తొడిగి, "ఏం కావాలో కోరుకో" అన్నారు.

"మొగను ఎవరికీ రాసివ్వకండి. ఎప్పట్లాగే పల్లెవాళ్లను పోనివ్వండి."

"అలాగే. మరి మా సేనాధిపతికి ఏమీ లేదా?"

"ఆ బండ వారికే ఇచ్చేయండి మహారాజా! రోజూ పాటు వేళకి వచ్చి నాలుగు బుట్టలు గుమ్మరించారంటే, మా ఊళ్లో పొయ్యి ఆరదు!"

గొడుగు పట్టినవాడు నవ్వాపుకోలేక గొడుగు వదిలేశాడు. అది వెళ్లి వీరకేసరి నెత్తిన పడింది.