విరగని పాలు

నా ఫైనల్ లెసన్ రేపనగా మా కూర్మారావు మాస్టారు నా కష్టమంతా నీళ్లపాలు చేశారు.

అప్పుడు నేను బీఎడ్ చదువుతున్నాను. శ్రీకాకుళం వైపు ఒక హైస్కూల్లో ట్రైనింగు. ఆయన అక్కడ సైన్సు మాస్టారు, నాకు గైడు. మర్నాడు కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, నా పాఠానికి మార్కులేస్తారు. ఆ మార్కుల మీదే నా ప్రాణమంతా ఉంది.

పాఠం రక్తం గ్రూపులు. బళ్లో పిల్లల వేళ్లు పొడవలేం కదా, అందుకని పాలలో ఎర్ర రంగు కలిపి నెత్తురన్నాను. ప్రతి బెంచీకి ఒక పళ్లెంలో రెండు చోట్ల ఆ పాలు, పక్కన రెండు చిన్న సీసాలు. ఒకటి ఎ సీరం, ఒకటి బి సీరం. కొన్నిటిలో నిమ్మరసం, కొన్నిటిలో ఉత్త నీళ్లు. ఎ సీసా చుక్కకి పాలు విరిగితే ఎ గ్రూపు, బి చుక్కకి విరిగితే బి, రెంటికీ విరిగితే ఎబి, దేనికీ విరక్కపోతే ఓ.

ఫైనల్ లెసన్‌ని ముందే అదే పిల్లలతో రిహార్సలు చేయించడం ట్రైనీలందరికీ అలవాటే. నేనింకో మెట్టెక్కాను. ఏ బెంచీకి ఏ గ్రూపు రావాలో పిల్లలచేత బట్టీ పట్టించాను.

"ఒక్క తప్పు దొర్లితే ఒట్టు, మాస్టారూ!" అన్నాను.

"చూద్దాం తల్లీ," అన్నారాయన.

ఆ సాయంత్రం ఆఖరి రిహార్సలు. పిల్లలు చుక్కలు వేశారో లేదో, ఒకటే అరుపులు. "మాది ఎ గ్రూపు టీచర్!" "మాది ఎబి టీచర్!" నా మనసు పొంగిపోయింది.

మూడో బెంచీలో ఢిల్లీశ్వరి మాత్రం పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఏటీ అవలేదు టీచర్. పాలు పాలలాగే ఉన్నాయి."

"సరిగ్గా చూడవే! నీది బి కదా!" అని కసిరాను.

పిల్ల తల దించుకుంది. "అవును టీచర్. విరిగాయి."

వెనక బెంచీలోంచి మాస్టారు లేచి వచ్చారు. ఆ బెంచీ మీది సీసాలు రెండూ మూతలు తీసి గుటుక్కున తాగేశారు. పిల్లలు కెవ్వుమన్నారు.

"బోరు నీళ్లు," అన్నారు మూతి తుడుచుకుంటూ. "అన్ని సీసాల్లోనూ అవే. భోజనాల వేళ నేనే మార్చాను."

ఒక్కో పళ్లెం చూసుకుంటూ వెళ్లాను. ఎక్కడా చుక్క పాలు విరగలేదు. నిమ్మకాయ వాసనైనా రావడం లేదని ఎవరికీ తోచలేదు, నాక్కూడా. ఓ గ్రూపు బెంచీని వదిలేస్తే క్లాసు క్లాసంతా లేనిది ఉందంది. ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క పిల్లచేత నేనే అబద్ధం ఆడించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వెళ్లి ఢిల్లీశ్వరి పక్కన కూర్చున్నాను. మాస్టారు జేబులోంచి వేరే సీసాలు రెండు తీసి ఇచ్చారు. కొత్త పాలలో చుక్కలు వేశాను.

"ఇప్పుడు చెప్పమ్మా, ఏం కనిపిస్తోంది?"

ఆ పిల్ల పళ్లెం చూడలేదు. నా మొహం చూసింది.

"ఏటి కనబడాల టీచర్?"

మాస్టారు దాని తల నిమిరారు.

"మీ టీచరుకీ తెలీదు తల్లీ. ఆ సీసాలు నింపింది నేను. నువ్వే చూసి చెప్పాల."

అప్పుడు వంగింది. ముక్కు పాలకు తగులుతుందేమో అన్నంతగా వంగి, చాలాసేపు చూసింది.

"ఈ పక్కది విరిగింది. ఆ పక్కది లేదు," అంది. ఈసారి నా వైపు చూడనే లేదు.

మర్నాడు సీసాలు నింపే పని మాస్టారికే అప్పజెప్పాను. పాఠం మధ్యలో పరీక్షాధికారి నన్ను దగ్గరికి పిలిచి, పిల్లలకి వినపడకుండా అడిగారు.

"మూడో బెంచీకి ఏ గ్రూపు రావాలమ్మా?"

"తెలీదండీ," అన్నాను. "వాళ్లనే అడగండి."