లాగి చూడని వైరు

వైరింగు మేస్త్రీ మస్తాన్ వలీకి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ కనెక్షన్ ఇచ్చినా, స్క్రూ బిగించాక ఒక్కో వైరునీ పట్టుకుని, గొడ్డును కట్టేసినవాడు పలుపు లాగి చూసినట్టు, లాగి చూసేవాడు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నా తన చేతిని తాను నమ్మేవాడు కాదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న యేసోబుకి ముప్పయ్యేళ్ళు దాటాయి. చేయి చురుకు, నోరు అంతకంటే చురుకు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"బిగించిన ప్రతి మిషనూ నడుస్తానే ఉంది గదా మేస్త్రీగారూ. మళ్ళీ ఈ లాగటం ఎందుకండీ?"

మేస్త్రీ ఇంకో వైరు పట్టుకుని లాగి చూశాడు. ఆయనకి వాదించడం చేతకాదో, ఇష్టం లేదో మనకి తెలియదు.

ఆ వారంలోనే ఒక బడిలో చల్లనీళ్ళ కూలరు పెట్టే పని వచ్చింది. కనెక్షనంతా యేసోబే ఇచ్చాడు. చివరిది ఎర్తు వైరు. లోపలెక్కడైనా లీకైన కరెంటు ఇనప బాడీకి వస్తే, దాన్ని మనిషి మీదికి రానీకుండా భూమిలోకి పంపేది అదే. అది ఊడినా కూలరు నడుస్తుంది, నీళ్ళు చల్లబడతాయి. అందుకే పాపం, దాని ఊసు ఎవరికీ పట్టదు. యేసోబు మూత బిగించి స్విచ్చి వేశాడు. కూలరు నడిచింది. అప్పుడే బెల్లు కొట్టారు. పిల్లలు వట్టికాళ్ళతో పరిగెత్తుకొచ్చి, కడిగిన గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాళ్ళను చూసి యేసోబు మురిసిపోయాడు.

మేస్త్రీ పిల్లలను కాస్త ఆగమన్నాడు. చెప్పులు విడిచాడు. పక్కనున్న నీళ్ళ బకెట్లో చేతులు ముంచి, ఆ తడి చేతులతోనే కూలరు దగ్గరికి నడిచాడు.

యేసోబుకి అప్పుడు అనుమానం వచ్చింది. ఎర్తు స్క్రూ పూర్తిగా తిప్పాడా, మూత బిగించే హడావిడిలో సగంలో వదిలేశాడా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఉండండి మేస్త్రీగారూ, ఒక్కసారి చూసుకోనివ్వండి" అంటూ అడ్డం వెళ్ళాడు.

మెయిన్ ఆపి, మూత విప్పి, ఎర్తు వైరును రెండు వేళ్ళతో లాగాడు. అది అలాగే చేతిలోకి వచ్చేసింది. యేసోబుకి తలెత్తి చూడాలంటే సిగ్గేసింది.

మేస్త్రీ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నా చెయ్యి దాకా వచ్చేసరికి ఉండమన్నావు" అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళు వరస కట్టినప్పుడు ఆ మాట రాలేదేమయ్యా?"